కిటికీ దగ్గర అత్త

మా హోటల్‌లో వంటింటికీ ముందు హాలుకీ మధ్య ఒక చిన్న కిటికీ ఉంది. మా అత్త జీవితమంతా ఆ కిటికీ దగ్గర నిలబడడంలోనే గడిచిపోయింది.

హోటల్ మా తాత పెట్టింది. ఆయన పోయాక పెదనాన్న వంట, మా నాన్న హాలు చూసుకునేవాళ్ళు. ఒకరోజు నాన్న, నిండు హాల్లో ఒకాయనతో, "ఇవాళ కూర అడుగంటిందండీ, ఇంకేదైనా తీసుకోండి" అన్నాడు. నిజంగానే అడుగంటింది. కానీ నలుగురిలో పరువు తీశాడని పెదనాన్న ఆ పూట నుంచి తమ్ముడితో మాట మానేశాడు. నాన్నా తక్కువ తిన్లేదు. హోటల్ మాత్రం ఇద్దరూ వదల్లేదు. ఒకరికి చెల్లెలు, ఇంకొకరికి అక్క అయిన మా అత్త మధ్యలో ఇరుక్కుపోయింది.

అత్తకి కుట్టుపని బాగా వచ్చు. ఆవిడ స్నేహితురాలు పక్క వీధిలో కుట్టు దుకాణం తెరుస్తూ, కలిసి నడుపుదాం రమ్మంది. "వీళ్ళిద్దరూ మాట్లాడుకోగానే వచ్చేస్తానే" అంది అత్త. ఆ స్నేహితురాలు చూసి చూసి వేరే మనిషిని పెట్టుకుంది. ఏళ్ళు గడిచాక దుకాణమే మూసేసింది. అత్త ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

నాన్న ఇటునుంచి, "ఇంకెంతసేపో ఆ మహానుభావుణ్ణి అడుగు" అనేవాడు. అత్త అటు తిరిగి, "అన్నయ్యా, తొందరేం లేదట, కాస్త చూడమంటున్నాడు" అనేది. "అంత తొందరైతే దొరగారినే వచ్చి వండుకోమను" అని లోపలినుంచి జవాబు. "అయిపోవచ్చిందట్రా" అని అత్త ఇటు చెప్పేది. నిజానికి ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడేది. అయినా అత్త నోట వచ్చేదాకా ఇద్దరూ చెవిటివాళ్ళే. మోకాళ్ళు వాచి, సాయంత్రానికి ఆవిడ గోడ పట్టుకుని నడిచేది. అదేమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మొన్న చలికాలంలో అత్త గొంతు పూర్తిగా పోయింది. కొన్నాళ్ళు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నం జనం వచ్చారు. అత్త కిటికీ పక్కన స్టూలు మీద నోరు మూసుకుని కూర్చుంది. నాన్న కాసేపు అటూ ఇటూ తచ్చాడాడు. చివరికి కిటికీలో తల పెట్టి అన్నాడు.

"అన్నయ్యా, మూలబల్లకి రెండు సూపులు."

"మిరియాలు వెయ్యనా?" అన్నాడు పెదనాన్న.

"కొంచెం."

అంతే. మిన్ను విరిగి మీద పడలేదు. జనం వెళ్ళిపోయేదాకా అలాగే పిలుచుకున్నారు. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. అత్త వాళ్ళనే చూస్తూ కూర్చుంది. నేను వేణ్ణీళ్ళు తెచ్చిస్తే గ్లాసు చేతిలో పట్టుకుందే గాని తాగలేదు.

పని అయ్యాక అన్నదమ్ములిద్దరూ అత్త దగ్గరికి వచ్చారు. సంతోషిస్తుందనుకున్నారు పాపం. డాక్టర్ మాట పక్కనపెట్టి, ఆ పోయిన గొంతుతోనే అత్త అడిగింది.

"ఇంత తేలికైతే, ఇన్నేళ్ళూ ఎందుకు మాట్లాడుకోలేదురా?"

నాన్న అత్త భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వున్నావు కదక్కా. మాకు అవసరం పడలేదు."

ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. మా నాన్న మీద నాకు అంతగా ఒళ్ళు మండిన రోజు ఇంకోటి లేదు. సాయంత్రం మళ్ళీ జనం వచ్చారు. అత్త కిటికీకి వీపు పెట్టి కూర్చుంది, స్టూలు మీదనుంచి లేవలేదు.