అర చుట్టు వెనక్కి

పేటకు నీళ్ళు వదిలే మనిషిని అందరూ నీళ్ళాయన అనేవారు. తెల్లవారగానే వీధి చివర గోతి మీది ఇనుప మూత తీసి, ఎవరూ పడకుండా పక్కన కర్రకు ఎర్రగుడ్డ కట్టి, మోకాలంత పొడుగు తాళంచెవితో వాల్వు తిప్పడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా అదే పని. అది కాగానే బావ సెలూన్లో బెంచీ మీద కూర్చుని పేపరు చదివేవాడు.

బావ అంటే పోయిన భార్యకు స్వయానా అన్న. వాళ్ళిద్దరి వాదన వినడానికి గడ్డం పెరగనివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. దేశానికి అసలు ముప్పు సరిహద్దు అవతలివాడని బావ, బాగా డబ్బున్నవాడని ఈయన. ఒకనాడు మాటా మాటా పెరిగి బావ ఈయన్ని ఎర్రజెండా మనిషన్నాడు. ఈయన బావను నియంతల భజనపరుడన్నాడు. ఇద్దరిలో ఎవరూ ఒక్క పార్టీ మీటింగుకైనా వెళ్ళిన పాపాన పోలేదు. ఈయన చేతపట్టిన ఎర్రగుడ్డ ఆ గోతి దగ్గరదొక్కటే. అయినా ఆ పేర్లు బంకలా అంటుకున్నాయి. మూడేళ్ళు మాటల్లేవు. ఉన్న ఒక్క చుట్టమూ అలా దూరమయ్యాడు.

ఒకసారి నీళ్ళాయన జ్వరంతో మంచం పట్టాడు. ఇళ్ళమీది ట్యాంకులు రెండు రోజులు ఆదుకున్నాయి, ఆ రెండు రోజులూ తలుపు తట్టిన నాథుడు లేడు. మూడోరోజు నలుగురు వచ్చారు. ఆఫీసులో ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడట, ఎన్ని చుట్లు తిప్పాలని అడిగారు. ఒంట్లో ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఇన్నేళ్ళు సెలూన్లో గొంతులు చించుకున్నా ఈ ముప్పు మా ఇద్దరికీ తట్టలేదే అనుకున్నాడు ఆయన. మనిషి మంచం మీంచి లేవలేదని కుళాయి చెబితే గాని పేటకు తెలియదు.

పదకొండు చుట్లని చెప్పి తాళంచెవి ఇచ్చాడు. ఆ తర్వాత అర చుట్టు వెనక్కి తిప్పితే గాని పై వీధికి నీళ్ళెక్కవు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు. బావ ఇల్లు పై వీధిలోనే.

మర్నాడు పొద్దున మళ్ళీ తలుపు చప్పుడైంది. తాళంచెవి పట్టుకుని బావే వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

“మా వీధికి రాలేదు. ఏదో దాచావు కదూ?”

“దాచాను.”

“ఎందుకు?”

“చెప్పేస్తే మళ్ళీ ఎవరొస్తారు బావా?”

బావ మంచం పక్కన బోర్లించి ఉన్న బిందె వైపు చూశాడు. లోపలికి రమ్మనడానికి ఈయనకు అభిమానం అడ్డొచ్చింది. ఇంతలో వీధిలోంచి ఎవరో బావను కేకేశారు.

“అర చుట్టు వెనక్కి తిప్పు,” అన్నాడు నీళ్ళాయన. “అంతే.”

బావ తలూపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. కాసేపటికి పై వీధిలో బిందెల చప్పుడు వినబడింది. అది వింటుంటే ఆయనకు ఏడుపొచ్చింది. తనకొక్కడికే తెలిసిన ముక్క కాస్తా చెప్పేశాడు, ఇక ఈ తలుపు తట్టాల్సిన పని ఎవరికీ లేదు. లేచి గడియ పెట్టుకోవాలి. పెట్టుకోలేదు.