నానమ్మ కొంగు కింద సముద్రం కనబడదు

2024లో దసరా సెలవులు దగ్గర పడుతున్న రోజులు. మిర్యాలగూడ బస్టాండుకు దగ్గర్లో మా మెడికల్ షాపు. సెలవులు వచ్చాయంటే మా కౌంటర్ దగ్గర వినబడేది ఒకటే మాట: "వాంతుల గోళీ ఇయ్యి." తిరుపతికి పోయేవాళ్లదీ అదే, శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లదీ అదే. కొందరైతే డ్రైవర్ హారన్ కొడుతుంటే పరుగెత్తుకొచ్చి, గోళీ నోట్లో వేసుకుని మళ్లీ పరుగెత్తుతారు. అది కడుపులో దిగి పనిచేసే లోపే వేములపల్లి దగ్గర వాంతి అయిపోతుంది. తిరిగొచ్చాక "నీ గోళీ పనిచెయ్యలే" అని నా మీద పడతారు. ఫార్మసిస్టుగా ఇరవై ఏళ్లకు పైగా ఈ తిట్లు తింటున్నాను. అలవాటైపోయింది గానీ కోపం మాత్రం తగ్గలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం సైదమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. సైదమ్మది పాలకీడు వైపు. సగం జీవితం గొర్రెల వెనక నడిచిన మనిషి. కొడుకు వెంకన్నకు వాడపల్లి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆవిడా టౌనుకు వచ్చేసింది. నెలనెలా బీపీ గోళీలకు వచ్చి, గోళీల కన్నా ఎక్కువ కబుర్లు ఇచ్చి పోతుంది. మనవరాలు అక్షిత మూడో తరగతి.

ముందు నోరు విప్పింది పిల్లే. "ఆంటీ, ఓడల పోతే వాంతులు రాకుండ గోళీ ఉన్నదా?"

"మిర్యాలగూడలో ఓడెక్కడిదమ్మా?" అన్నాను.

"చెన్నై కాడ ఎక్కుతరంట బిడ్డా," అంది సైదమ్మ. "మా వెంకన్న అందరికి టికెట్లు తీసిండు. మూడు దినాలు సముద్రం మీదనే ఉంటదంట. వాళ్లు పోతరు. నేను, గిది ఇంటికాడ ఉంటం. దీనికి బస్సు వాసన తగిలితెనే అయితది, ఇగ ఓడంటే బతుకుతదా?"

అక్షిత కౌంటర్ అద్దం మీద వేలితో గీతలు గీస్తూ మెల్లగా చెప్పింది. "నేను పోకుంటె నానమ్మ గూడ పోదంట ఆంటీ. నానమ్మ ఇంతవరకు సముద్రమే సూడలే."

సంగతి అర్థమైంది. పిల్ల తన కోసం అడగడం లేదు. నాకు అక్కడే మనసు కరిగిపోయింది.

దీన్ని మేం మోషన్ సిక్‌నెస్ అంటాం. ఓడలో వస్తే సీ సిక్‌నెస్. బండి ఊగుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటు కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఎవరి మాట నమ్మాలో తెలియక మెదడు తికమకపడి, ఆ కోపం కడుపు మీద చూపిస్తుంది. పిల్లల్లో ఇది ఎక్కువ.

"ప్రయాణం రోజు ఏం చేస్తారు మీరు?" అని అడిగాను. సైదమ్మ గర్వంగా మొదలుపెట్టింది.

"నేనే జేస్త అంత. పొద్దుగాల్ల లేపి గిన్నెడు పెరుగన్నం పెడ్త. ఊరికి పోయేటప్పుడు పెరుగు తినిపోవాలె గద! మీదికెల్లి గిలాసెడు బర్రెపాలు. బస్సు ఎక్కంగనే ఒళ్లె పండవెట్టుకొని మొకం మీద కొంగు కప్పుత. బయటికి సూస్తె కండ్లు తిరుగుతయని. వస్తుందా బిడ్డా, వస్తుందా బిడ్డా అని అడుగుతనే ఉంట. కవర్లు నా రొండినే ఉంటయ్." నడుము దగ్గర దోపుకున్న పాలిథీన్ కవర్ల కట్ట తీసి చూపించింది కూడా.

వాంతి కావడానికి ఏమేం చేయాలో అన్నీ చేస్తోంది. అదీ ప్రాణం పెట్టి చేస్తోంది. నాది కోదాడ. "మీ దిక్కు మాటలు మెత్తగుంటయ్ గని లోపల ముల్లు ఉంటది" అని ఇక్కడివాళ్లు నన్ను ఆటపట్టిస్తారు. వేరే ఎవరైనా అయితే ఆ ముల్లు గుచ్చేదాన్నే. సైదమ్మ ముఖం చూస్తూ "నీ ముద్దే దాన్ని కక్కిస్తోంది" అనడానికి నోరు రాలేదు.

పిల్లలకు ఈ మందు నేను కౌంటర్ మీద ఊరికే ఇవ్వను. బరువును బట్టి డోసు మారుతుంది. అందుకే పిల్లల డాక్టర్ దగ్గరికి పంపాను. ఆయన సిరప్ రాశారు. చీటీ తెచ్చింది వెంకన్న. ప్రయాణానికి గంట ముందు పోయాలని, అంతకన్నా ముందు ఒక రోజు ఇంట్లోనే టెస్ట్ డోసు ఇచ్చి చూడాలని చెప్పాను. కొందరు పిల్లలు ఆ మందుకు మత్తుగా పడుకుంటారు, కొందరు అందుకు పూర్తి భిన్నంగా ఇల్లు పీకి పందిరేస్తారు. ఆ సంగతి నడిసముద్రంలో తెలియడం కన్నా ఇంట్లో తెలియడం మేలు.

"ఒకసారి నాగార్జున సాగర్‌లో లాంచీ ఎక్కించి చూడండి. దానికి ఓర్చుకుంటే ఓడకు ధైర్యం వస్తుంది," అన్నాను.

"గాడ గూడ కక్కిందంటే మా అమ్మ ఇగ కదలది మేడం. నా మాట అస్సలు ఇనది. మీరు గూడ రారాదుండ్రి," అన్నాడు వెంకన్న. ఆదివారం షాపు మా ఆయనకు అప్పజెప్పి వాళ్ల కారెక్కాను.

ఉదయం ఇడ్లీ ఒకటి పెడితే చాలని అక్షిత వాళ్లమ్మకు ముందే చెప్పాను. ఆమె అంతే పెట్టింది. ఆమె స్నానానికి వెళ్లిన సందు చూసి సైదమ్మ గిన్నెడు పెరుగన్నం కలిపి తినిపించింది. శకునం తప్పితే ఎట్లా మరి! కారెక్కగానే పిల్ల ఒళ్లో, ముఖం మీద కొంగు. నేను "కప్పకండి సైదమ్మా" అన్నా వినలేదు. సిరప్ పోసినా హాలియా చేరకముందే పిల్లకు చెమటలు పట్టాయి. వెంకన్న కారు ఆపేలోపే అయిపోయింది.

రోడ్డు పక్కన, కాల్వ గట్టున కూర్చోబెట్టి మొహం కడిగాం. అక్షిత ఏడుపు ఆపుకోలేకపోయింది. "నానమ్మా, ఇగ నువ్వు సముద్రం సూడవు గద... నాతోనే..."

"ఏడువకు బిడ్డా. సముద్రం ఏడికి పోతది? నాకు నువ్వు సాలు," అంటూ సైదమ్మ కొంగుతో ఆ మూతి తుడిచింది. వెంకన్న అటు తిరిగి నిలబడ్డాడు.

అవతలి గట్టున ఎవరివో గొర్రెలు మేస్తున్నాయి. వాటిని చూడగానే నాకొక ఆలోచన వచ్చింది. "సైదమ్మా, గొర్రెల్ని లారీ ఎక్కించే ముందు ఏం మేపేవాళ్లు?"

అలాంటప్పుడు అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఏం మేపుతం? కడుపు నిండ మేపి ఎక్కిస్తె దారిల ఉబ్బి సస్తయ్. తెల్లారి ఎక్కిచ్చేదుంటే మేత తగ్గిస్తం. జరన్ని నీళ్లు తాపుతం, అంతే."

"మరి మీద పట్టా కప్పి పూర్తిగా మూసేస్తారా?"

"నీకేమన్న పిచ్చా బిడ్డా? గాలాడకుంటె ఎట్ల? తలకాయలు బయటికే..." అంటూ ఆగిపోయింది. చేతిలో తడిసిన కొంగు వైపు చూసుకుంది. పిల్ల వైపు చూసింది.

"ఓయమ్మ! గొర్లకు తెలిసి జేసిన, నా పిల్లకు జేయకపోతి," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు మాకెవరికీ తెలియలేదు.

నేను పక్కన కూర్చుని చెప్పాను. "పెరుగు మానొద్దు సైదమ్మా. ఒక్క చెంచా నాలుకకు రాయండి, శకునం శకునమే. గిన్నె మాత్రం తిరిగొచ్చాక పెట్టండి. కొంగు తీసేయండి, దూరంగా కదలకుండా ఉండేదేదో చూడనివ్వండి. వస్తుందా అని అడగొద్దు. అడిగితే రానిది కూడా వస్తుంది."

పిల్ల తేరుకునేదాకా ఆగాం. గుక్క గుక్క నీళ్లు, తర్వాత ఉత్త బిస్కెట్. సిరప్ మళ్లీ పోయలేదు. వాంతిలో ఎంత పోయిందో తెలియనప్పుడు రెండోసారి పోయకూడదు. కొంగు కప్పకుండా, కిటికీ పక్కన కూర్చోబెట్టి సాగర్ చేరాం. మధ్యాహ్నం దాటాక లాంచీ ఎక్కాం. ఊపు తక్కువగా ఉంటుందని నడిమధ్య బల్ల మీద కూర్చోబెట్టాను. గాలికి లాంచీ బాగానే ఊగింది. సైదమ్మ చేయి మాటిమాటికీ కొంగు మీదికి పోవడం, మళ్లీ వెనక్కి రావడం నేను చూస్తూనే ఉన్నాను. "వస్తుందా" అనబోయి నాలుక కరుచుకుని, "గా గుట్ట మీద ఏమున్నదే?" అని అడిగింది. అక్షిత మొదలుపెట్టిన కబుర్లు లాంచీ దిగేదాకా ఆగలేదు. వాంతి మాటే లేదు.

దసరా వెళ్లాక సైదమ్మ షాపుకు వచ్చింది. రొండిన ఉన్న కవర్ల కట్ట తీసి కౌంటర్ మీద పెట్టింది. "నాకు ఇగ ఎందుకు? నీ దుకాణంల పనికొస్తయ్."

"ఒక్కటీ వాడలేదా?"

"ఒక్కటి వాడినం. అది నాకు." పడీపడీ నవ్వింది. "రెండో దినం ఓడ ఒకటే ఊగుడు. అక్షితకు ఏం గాలే, నాకే కండ్లు తిరిగినయ్. ఇగ సముద్రం వద్దు ఏమొద్దని కొంగు కప్పుకొని పండుకున్న. గిది వచ్చి కొంగు గుంజింది బిడ్డా. లే నానమ్మా, మొగులు నీళ్లు కలిసేకాడ సూడు అని చెయ్యి పట్టి పైకి తీస్కపోయింది. గంటసేపు పక్కనే కూసున్నది. అప్పుడు సూసిన సముద్రం, కండ్ల నిండ." గొంతు తగ్గించింది. "గంతసేపట్ల వస్తుందా నానమ్మా అని ఒక్కసారన్న అడగలే."

ఇప్పుడు మా కౌంటర్ దగ్గర ఎవరైనా పిల్లల వాంతుల మందు చీటీ చాపితే, నేను ముందు ఒక మాట అడుగుతాను. "ప్రయాణం రోజు పిల్లకు తినిపించేది ఎవరు?" నానమ్మో అమ్మమ్మో అని తేలితే, ఆవిడను కూడా వెంటబెట్టుకు రమ్మంటాను. చీటీలో రాసిన మందు పిల్లకిస్తాను. చెప్పాల్సిన నాలుగు మాటలు మాత్రం ఆవిడ చేయి పట్టుకుని, మెత్తగా చెబుతాను.