సీసాలో హైడ్రా

ఆ సీసాను పగలగొట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. వనపర్తి డిగ్రీ కాలేజీలో మా జువాలజీ సార్ చెరువు నీళ్లతో నింపి తెచ్చిన సీసా అది. లోపల నాచుకు అంటుకుని దారపు పోగంత నీటిజీవి, హైడ్రా. సార్ పుల్లతో తాకగానే అది చుక్కలా ముడుచుకునేది. మళ్లీ సాగేదాకా పాఠం కదిలేది కాదు.

"జర ఆగుండ్రి, సాగుతది" అనేవారు.

పరీక్షలొచ్చినా పాఠాలు వానపాము దాకా కూడా రాలేదు. మిగతావన్నీ నేనే చదువుకున్నాను.

ప్రాక్టికల్స్‌లో బయటి ఎగ్జామినర్ నత్త గురించి అడిగారు. తెలిసినా నోరు పెగల్లేదు. ఆయన సున్నా వేయబోతుంటే సార్ చెయ్యి అడ్డుపెట్టారు.

"జర ఆగుండ్రి సార్, సాగుతది."

ఒళ్లు మండి, అంతా గడగడా చెప్పేశాను. బయటికొచ్చాక సార్ నాతో అన్న ఆఖరి మాట:

"ఏందమ్మా, గా హైడ్రానే నీకన్న జల్ది సాగుతది!"