అక్క లెక్కపెట్టిన ప్రశ్నార్థకాలు

ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆమె అందరికీ అక్క. మేనేజరుకు కూడా అక్కే. పన్నెండేళ్లుగా అక్కడ ఆమె మాటకు తిరుగులేదు. కారణం వింటే నవ్వొస్తుంది. ఏ మందు ఎవరికి ఎప్పుడిచ్చారో రాసిపెట్టే లాగ్ ఫైల్లో తెలుగు పేర్లు పడేవి కావు, వాటి బదులు వరసగా ప్రశ్నార్థకాలు పడేవి. అక్క వాటిని లెక్కపెట్టి, టైము చూసి, "ఇది మూడో వార్డు ముసలాయనది" అని ఠకీమని చెప్పేసేది.

అలాంటి గదిలోకి తోటికోడలిని చేజేతులా తనే సిఫారసు చేసి తెచ్చుకుంది. ఆ పిల్ల చేరిన రెండో వారంలోనే సెట్టింగుల్లో ఒక్క లైను చేర్చి ఫైలును ఏ భాష అక్షరాలైనా పట్టే యూనికోడ్‌లో రాయించింది. పేర్లన్నీ నిక్షేపంగా తెలుగులో పడ్డాయి. ఆ రోజు నుంచి అక్క సీటు దగ్గరికి వచ్చే నాథుడే లేడు. ఇంట్లో అత్తగారు కూడా, "చిన్నది చురుకే! ఇన్నేళ్లుగా నీకెందుకు తట్టలేదే?" అంది. అక్కకు ఆ పూట ముద్ద దిగలేదు. అది అసూయే, ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందొచ్చి ఆ లైను తీసేసింది.

పదకొండింటికి నర్సు పరుగున వచ్చింది. మందుల స్క్రీను ఆగిపోయిందట.

"అక్కా, తొమ్మిదింటి ఇంజెక్షను పక్కపక్క మంచాల్లో ఇద్దరికి వెయ్యాలి, ఒకటే వేసినట్టుంది. ఎవరికి వేశారో చూడు. ఇద్దరూ మగతగా ఉన్నారు. వేసినామె డ్యూటీ దిగిపోయింది, ఫోనెత్తట్లేదు. ఒకళ్లకే రెండుసార్లు పడితే ప్రాణం మీదికొస్తుంది!"

అందరూ అక్క చుట్టూ మూగారు. ఎన్నాళ్లకెన్నాళ్లకు! అక్క ఉత్సాహంగా లెక్కపెట్టింది. ఆరు ప్రశ్నార్థకాలు. ఆ ఇద్దరి పేర్లకూ ఆరేసే పడతాయి. ఒకసారి ప్రశ్నార్థకమైపోయిన అక్షరం తిరిగి రాదని ఆమెకు తెలియనిది కాదు.

"నాకు... తెలీట్లేదు."

అరగంటకు ఆ పాత డ్యూటీ నర్సు ఫోనెత్తింది కాబట్టి గండం గడిచింది.

"సెట్టింగు మార్చిందెవరు?" మేనేజరు గదిలోకొచ్చి అరిచాడు. తోటికోడలు అప్పటికే సెట్టింగుల ఫైలు తెరిచి, మార్పు పక్కనున్న లాగిన్ పేరు చూసింది. ఒకసారి అక్క వైపు చూసి, విండో మూసేసింది.

"నేనేనండీ. పొద్దున ఏదో కెలికాను."

అక్క లేచి నోరు తెరిచేలోపే మేనేజరు చల్లబడ్డాడు. "ఇలా తప్పొప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా! చూసి నేర్చుకోండి," అన్నాడు, గదంతా వినేలా.

అక్క కూర్చుండిపోయింది. దణ్ణం పెట్టాల్సిన చోట కడుపు భగ్గుమంది. తను చేసిన తప్పుకు కూడా మెప్పు దానికే దక్కింది.