నాలుగో ప్రెస్సు మీద తాళం

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

ఎవరో స్పానర్‌తో గాలిగొట్టం మీద కొడుతున్నారు. ఆ చప్పుడు ఇనుప తీగెలా షెడ్డంతా పాకింది. చెక్క ముక్కలు జేబుల్లోకి జారాయి. మెడల్లో వేలాడే అద్దాలు కళ్ళ మీదికెక్కాయి. గద్ద వస్తోందని దానర్థం. ఆ తరవాతే ఆమె గుమ్మంలో కనిపించింది, ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు.

ఆమె గది మెట్ల కింద. కుర్చీకి మూడు కాళ్ళే. నాలుగోది ఎవరు విరిచారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఆ పొద్దున హెల్మెట్ లోపల గ్రీజు పూశారు. తుడుచుకుని పెట్టుకుంది.

రేకులు కోసే ప్రెస్సు, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగుతుంది. చేతులు కత్తి కిందికి పోకుండా బయట ఉండాలనే ఆ ఏర్పాటు. ఒక బటన్‌కు చెక్క బిగిస్తే ఒక చెయ్యి ఖాళీ, పని జోరు, కూలి ఎక్కువ.

నా పక్కనున్న నాలుగో ప్రెస్సు దగ్గర చెక్క అలాగే ఉంది. అక్కడున్నది ఆమె మరిది.

"చూసీ చూడనట్టు పో వదినా. ఇంట్లో మనిషినేగా."

"తియ్యి."

"తియ్యను. ఏం చేస్తావేం?"

ఆమె కరెంటు ఆపి స్విచ్చుకు తాళం వేసింది.

"మరిది నోటిదగ్గరి కూడే లాగేసింది. ఇక మనమో లెక్కా!" వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

మేనేజరు పరుగున వచ్చాడు. "సాయంత్రానికి లోడు వెళ్ళాలమ్మా. మీ ఇంటి గొడవలు ఇంట్లో చూసుకో. తాళం తియ్యి."

"ఆ చెక్క నా చేతిలో పెట్టమనండి, తీస్తాను."

మరిది పెట్టలేదు. అన్నకు ఫోన్ చేశాడు. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది.

"నలుగురిలో మా పరువు తీశావు. తాళం తియ్యకపోతే ఇంటికి రాకు," అన్నాడు భర్త.

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది.

"మా కొంపకు పట్టిన పీడవి నువ్వు!" మరిది ఆమె మొహం మీదికి అయిదు వేళ్ళూ చాచి చెయ్యి విసిరాడు, కొట్టలేదు. చివరికి చెక్క పీకి ఆమె కాళ్ళ ముందు పారేశాడు. ఆమె వంగి తీసుకుని తాళం తీసింది. ప్రెస్సు మళ్ళీ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం గేటు దగ్గర, ఇంట్లో తలుపు తీస్తారా అని అడిగాను. చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"ఏమో. మొహం మీద వేళ్ళు ఆడించి తిట్టాడు, చూశారుగా? తిట్టనివ్వండి. ఆ చేతికి వేళ్ళు అయిదూ ఉన్నాయి."