చొక్కా కింద కనపడనిది

న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌లోని ఆ తుపాకుల షాపులో నాకది నాలుగో ఏడు. చదువుకని వచ్చి, పార్ట్‌టైమ్‌గా చేరి, అక్కడే సెటిలైపోయాను. ఇప్పుడు ఆ షాపు లేదు. గన్ ఆయిల్ వాసన, వానలో తడిసివచ్చే రైతుల ఉన్ని కోట్లు, మా కివీ ఓనరు రోజుకు ఆరుసార్లు పెట్టే టీ, అన్నీ గుర్తొస్తుంటాయి. కుందేళ్లను కాల్చే రైఫిళ్లే మా అసలు వ్యాపారం. రివాల్వర్లు వెనక గదిలో అద్దాల బీరువాలో ఉండేవి.

ఒక శనివారం పొద్దున్నే ఓబులేసన్న వచ్చాడు. కడప జిల్లా మనిషి. మా ఫ్లాట్‌కు రెండు వీధుల అవతల డైరీ నడిపేవాడు. ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టును డైరీ అంటారు. రెండు వారాల కిందట దొంగలు సుత్తులతో వచ్చి సిగరెట్లు ఎత్తుకుపోయారు. అడ్డం వెళ్లిన వాళ్లావిడ లక్ష్మక్క మణికట్టు విరిగింది.

"మనోడివని వచ్చినా అబ్బీ. సన్నది, చౌకది, చొక్కా కింద కనపడనిది ఒకటి చూపీ" అన్నాడు.

అద్దంలోంచే చూపించాను. ఐదు తూటాలు పట్టే సెకండ్‌హ్యాండ్ రివాల్వర్. గొట్టం పొట్టిగా ఉంటుంది కాబట్టి మా భాషలో స్నబ్‌నోజ్.

"మా నాయనకాడ ఇట్లాంటిదే ఉండె. పంచె కట్టుకుంటానే ముందు దాన్నే సర్దుకునేటోడు" అంటూ అద్దం దగ్గరికి వంగి చూశాడు. తర్వాత ఫోన్లో నింపిన లైసెన్స్ అప్లికేషన్ చూపించాడు. కారణం దగ్గర ఆత్మరక్షణ అని ఉంది.

పాపం, మన దేశంలో లైసెన్స్ వచ్చేదే ఆ మాటతో. ఇక్కడ ఆ మాట రాస్తే పని అక్కడితో సరి. రివాల్వర్ కావాలంటే పిస్టల్ క్లబ్‌లో చేరి నెలల తరబడి షూటింగ్ చేయాలి. ఆపైన పోలీసులు బి ఎండార్స్‌మెంట్ ఇవ్వాలి, అంటే చేతి తుపాకీకి వేరే అనుమతి. అది వచ్చాక కూడా పెట్టెలో తాళమేసి క్లబ్బుకు తీసుకెళ్లి తేవడమే. నడుముకు పెట్టుకుంటే నేరం.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆయన మొహం చూసి జాలేసింది.

"ఆ మాట తీసేసి స్పోర్ట్ అని పెట్టన్నా. క్లబ్‌లో చేరు. తర్వాత నడుముకు పెట్టుకున్నా ఎవరు చూస్తారు" అన్నాను. ఆ షాపులో నేను చేసిన సిగ్గుమాలిన పని అదొక్కటే.

ఆయన అక్కడే నిలబడి దిద్దుతుంటే, అప్పటిదాకా బయట కారులో కూర్చున్న లక్ష్మక్క చేతికట్టుతో లోపలికి వచ్చింది. బీరువాలోకి చూసింది.

"మా మామకాడా ఉండె ఇది. ఆయప్ప కంటినిండా నిద్రపోంగా నేనెప్పుడూ సూళ్లేదు. కాఫీ ఇయ్యబోయినా వాకిట్లో నిలబడి నా పేరు చెప్పి లోపలికి పోవాల" అంది.

"నీ కోసరమే కదమ్మీ" అన్నాడు ఓబులేసన్న, తల ఎత్తకుండా.

ఆమె నావైపు తిరిగింది. "తమ్ముడూ, ఈ ఊర్లో ఎవురన్నా దీన్ని నడుముకు పెట్టుకోని తిరగొచ్చా?"

"లేదక్కా. ఎవరికీ కుదరదు."

"అందుకే కదా మేము ఈడికొచ్చింది."

నాకు తల కొట్టేసినట్టయింది. "నేను చెప్పింది తప్పన్నా, అది పంపొద్దు" అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు డ్రిల్లు పట్టుకుని వాళ్ల కొట్టుకు వెళ్లాను. ముగ్గురం కలిసి సిగరెట్ల బీరువా లోపలికి జరిపి, తలుపుకు లోపలినుంచి నొక్కితే తెరుచుకునే బజర్ తాళం పెట్టాం. మీట నొక్కగానే కొట్టంతా తెల్లటి పొగ కమ్మే ఫాగ్ క్యానన్ తర్వాతి వారం వచ్చింది. ఓబులేసన్న మాత్రం నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

లక్ష్మక్క చేతికట్టు విప్పాక ఒకరోజు పాలకని వెళితే గల్లా దగ్గర ఆమే ఉంది. అన్న ఏడని అడిగాను. ఆమె నవ్వి వెనక్కి చూపించింది. బియ్యం బస్తాలకు ఆనుకుని గురక పెడుతున్నాడు.

ఆ షాపు మూసేదాకా, చొక్కా కింద పట్టే తుపాకి కావాలని వచ్చిన ప్రతి మనిషినీ చట్టం చెప్పేముందు ఒకటే అడిగాను: ఇంట్లో నిద్ర పడుతోందా అని. చాలామంది కూర్చుని, అసలు సంగతి అప్పుడే చెప్పేవాళ్లు.