రాణిగారి ఓటమికి నా గొంతు

ముప్పై ఏళ్లు హీరోయిన్లకి గొంతిచ్చినదాన్ని. కిందటేడు మద్రాసు సాలిగ్రామంలో డబ్బింగ్ థియేటర్‌కి పిలిచి నాకు ముసలి రాణిని అంటగట్టారు. ఒళ్లు మండదూ?

అదొక ఇంగ్లీషు సీరియల్. మేం తెలుగులోకి దించాలి. ఎప్పుడో రాజుల కాలంలో స్పెయిన్ వాళ్లు ఇంగ్లండు మీదికి ఓడలేసుకుని వచ్చారు. అసలు చరిత్రలో గాలివానకి చెల్లాచెదురై వెనక్కి పోయారట. ఈ సీరియల్లో గాలీ లేదు, వానా లేదు, దర్జాగా లండన్‌లో దిగిపోయారు. రాణి తన కిరీటం తీసి స్పెయిన్ రాకుమారి చేతిలో పెట్టాలి. ఆ రాకుమారి గొంతు నిన్నగాక మొన్న రాజమండ్రి నుంచి దిగిన పిల్లకిచ్చారు. వచ్చీ రాగానే నన్ను "ఆంటీ" అంది.

"ఇదేం చోద్యమండీ, గెలిచినావిణ్ణి ఓడిస్తారా?" అని డబ్బింగ్ డైరెక్టర్ని నిలదీశాను.

"మేడమ్, ఇది జరగని చరిత్ర. జరిగుంటే ఎలా ఉండేదీ అని కథ."

"జరిగుంటే ఇంగ్లీషువాళ్లు ఇటు వచ్చేవాళ్లే కాదు. మద్రాసూ ఉండేది కాదు, మీ థియేటరూ ఉండేది కాదు. నేను హాయిగా తెనాల్లో పెసరట్లు పోసుకుంటూ ఉండేదాన్ని."

ఆయన బుర్ర గోక్కుని "టేక్" అన్నాడు.

కిరీటం ఇస్తూ రాణి, "తీసుకో తల్లీ, ఇక నీదే" అనాలి. తొమ్మిది టేకులు తిన్నాను. ప్రతిసారీ "తీసుకో చూద్దాం!" అన్నట్టే వస్తోంది. "మేడమ్, ఇస్తున్నారు, లాక్కోవట్లేదు" అంటాడాయన. కోపం కోపం అంటున్నా గానీ, నిజానికి అది భయం. ఈ ముసలి గొంతు ఒక్కసారి కుదిరిందంటే ఇక జన్మంతా అత్తలూ అమ్మమ్మలే. నాలో పడుచు గొంతు ఇంకా ఉందని ఎవడికీ గుర్తుండదు. పదో టేక్‌కి ఆ భయమే మాటలోకి వచ్చేసినట్టుంది. "ఓకే" అన్నారు. ప్రాణం ఉసూరుమంది.

తర్వాత రాకుమారి వంతు. యుద్ధంలో పోయిన మొగుడి కోసం ఏడవాలి. ఆ పిల్ల ఏడిస్తే జలుబు చేసినట్టుంది. ఎన్నిసార్లు చేయించినా అంతే. కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరుగుతున్నాయి, గొంతులోకి మాత్రం రావు. "అక్కా, నన్ను తీసేస్తారా?" అని నా చెవిలో అడిగింది. అవసరానికి ఆంటీ పోయి అక్క వచ్చింది చూశారా!

"జరుగు పక్కకి" అని మైకు ముందు నిలబడ్డాను. ఒక్క టేకులో ఏడ్చేశాను. ఆ ఏడుపు నాదని టైటిల్స్‌లో ఎక్కడా వెయ్యరని తెలుసు.

సీరియల్ వచ్చిన రోజు ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. రాణి మాట్లాడగానే మా ఆయన, "భలే కుదిరిందోయ్, అచ్చం ముసలావిడే!" అన్నాడు. మెచ్చుకోలట! రాకుమారి ఏడుస్తుంటే మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "ఎవరమ్మా ఆ కొత్తమ్మాయి, ఎంత బాగా ఏడ్చిందో!" అంది.

మూల మంచం మీంచి మా అత్తగారు తల తిప్పింది. ఎనభై ఆరేళ్లు, చూపు ఆనదు.

"కొత్తమ్మాయేమిటే నీ మొహం! అది మీ అమ్మ ఏడుపు. కాపరానికొచ్చిన కొత్తలో వంటింట్లో రోజూ ఇలాగే ఏడ్చేది. నాకు తెలీదూ? ఏడిపించినదాన్ని నేనే."